వెల్దుర్తి ఎండలో టమాటా లెక్క

టమాటా పువ్వు రాలకుండా పిందెగా మారాలంటే రెండు హద్దులు దాటకూడదు. పగటి ఉష్ణోగ్రత 32 నుంచి 35 డిగ్రీల లోపు ఉండాలి, రాత్రి 21 నుంచి 24 డిగ్రీల లోపుకు దిగాలి. పల్నాడు జిల్లా వెల్దుర్తిలో మే నెల ఈ రెండు హద్దులనూ ఒకేసారి దాటుతుంది. వెల్దుర్తి ఉన్న మాచర్ల ప్రాంతంలోనిదే అయిన రెంటచింతల రాష్ట్రంలోకెల్లా ఎండ ఎక్కువ కాసే ఊళ్లలో ఒకటిగా దాదాపు ఏటా వార్తల్లోకెక్కుతుంది. అక్కడ మే నెలలో పగటి గరిష్ఠం సగటున 41, 42 డిగ్రీల దాకా ఉంటుంది. తెల్లవారుజామున కూడా 28కి అటూ ఇటూ ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఇక్కడివాళ్లకు అతిశయోక్తిగా తోచదు.

అయినా ఇంటి దగ్గరే టమాటాలు, ఆకుకూరలు పండించుకోవాలన్న సరదా వెల్దుర్తిలోనూ పెరుగుతోంది. పెరట్లోనో డాబా మీదో ఒక చిన్న గ్రీన్‌హౌస్ వేసుకుంటే ఏడాది పొడవునా కాపు ఉంటుందని చాలామంది ఆశ. అంకెలు వేసి చూస్తే ఆ ఆశ సగమే నిజం. ఆకుకూరలు ఏడాదంతా వస్తాయి. టమాటాకు మాత్రం ఇక్కడ పనికొచ్చేది పందిరి కంటే క్యాలెండర్.

ఇంటికి ఎంత కావాలి? ఎంత జాగా చాలు?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు కావాలి. అందులో ఆకుకూర 100 గ్రాములు అనుకుందాం. నలుగురున్న ఇంటికి రోజుకు 400 గ్రాముల ఆకుకూర, అంటే నెలకు 12 కిలోలు. పప్పులోకి, పులుసులోకి, పచ్చట్లోకి, చారులోకి వాడే టమాటా రోజుకు అర కిలో చొప్పున నెలకు 15 కిలోలు.

తోటకూర లాంటి ఆకుకూర ఎకరాకు 4 నుంచి 5 టన్నులు దిగుబడి ఇస్తుంది. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు కిలో, కిలోంబావు. విత్తిన 25 నుంచి 30 రోజులకు కోతకు వస్తుంది. కాబట్టి నెలకు 12 కిలోలు కావాలంటే 12 చదరపు మీటర్ల మడి కావాలి. నడవడానికి, వంగి కోయడానికి మూడో వంతు జాగా పోతుంది. అదీ కలుపుకుంటే మొత్తం 18 చదరపు మీటర్లు, దాదాపు 200 చదరపు అడుగులు. ఓ పెద్ద పడకగది అంత. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఈ 200 చదరపు అడుగుల మీదే.

ఆ 12 చదరపు మీటర్లనూ ఒకేసారి విత్తితే ఒకే వారంలో 12 కిలోలు చేతికొస్తాయి, ఇరుగుపొరుగుకు పంచాలి, తర్వాత మూడు వారాలు బజారుకు వెళ్లాలి. అలా కాకుండా 3 చదరపు మీటర్ల చొప్పున నాలుగు మడులు చేసి, వారానికొకటి విత్తుతూ పోవాలి. అప్పుడు వారానికి 3 కిలోలు, రోజుకు 400 గ్రాములకు పైగా నిలకడగా వస్తుంది.

టమాటా మొక్కకు 60 సెంటీమీటర్ల సాలు, మొక్కకూ మొక్కకూ 45 సెంటీమీటర్ల ఎడం ఇస్తే ఒక్కోదానికి 0.27 చదరపు మీటరు పడుతుంది. 15 మొక్కలకు 4 చదరపు మీటర్లు. కర్ర ఊతమిచ్చి కట్టిన హైబ్రిడ్ మొక్క నుంచి ఇంటి పెంపకంలో 2 కిలోలు ఆశించవచ్చు, అన్నీ కుదిరితే 3 కూడా రావచ్చు. 2 కిలోల చొప్పున 30 కిలోలు. కాపు రెండున్నర నెలలు సాగుతుంది కనుక రోజుకు 400 గ్రాములు. అవసరంలో చాలా భాగం తీరినట్టే, కానీ ఆ రెండున్నర నెలల వరకే.

గాజు ఇల్లు చలి దేశాల అవసరం

గ్రీన్‌హౌస్ పుట్టింది వేడిని లోపల బంధించడానికి. నెదర్లాండ్స్‌లో చలికాలం టమాటా మొక్క బయట బతకదు. గాజు కింద వేడి, వెలుతురు, కార్బన్ డయాక్సైడ్ అన్నీ కొలిచి ఇచ్చి అక్కడివాళ్లు చదరపు మీటరుకు 50 కిలోలు, అంతకంటే ఎక్కువ కూడా తీస్తారు. మన దేశంలో ఆరుబయట పొలం సగటు రెండున్నర కిలోలే. ఆ 50 కిలోల అంకె చూసి మోజుపడే ముందు, వాళ్ల కష్టం చలితో అని గుర్తుంచుకోవాలి. షికాగోలో ఉన్న తెలుగువాళ్లు గోంగూర విత్తనాన్ని మార్చిలో ఇంట్లో కుండీలో మొలకెత్తించి, మంచు భయం పోయాక మే నెలలో పెరట్లో నాటుకుంటారు. సరిగ్గా వాళ్లు బయట నాటే వేళకు వెల్దుర్తిలో మొక్కను ఎండ నుంచి దాచాల్సి వస్తుంది.

పాలిథిన్ షీటు కప్పి, గాలి సరిగా ఆడని ఇల్లు బయటి కంటే 8 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. బయట 43 ఉంటే లోపల 50 దాటుతుంది. అందులో టమాటా కాదు కదా, తోటకూర కూడా నిలవదు. మే నెలలో వెల్దుర్తి డాబా మీద పూర్తిగా మూసిన పాలీహౌస్ వేయడమంటే మొక్కలను ఉడకబెట్టడమే.

దీనికి మందుగా ఫ్యాన్, తడి ప్యాడ్ పద్ధతి చెబుతారు. ఒక గోడకు నీళ్లు కారే ప్యాడ్లు, ఎదుటి గోడకు గాలిని లాగే ఫ్యాన్లు. ఇంట్లో వాడే కూలర్ సూత్రమే ఇది. పల్నాటి పొడి ఎండలో బాగానే పనిచేస్తుంది కూడా. 43 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నప్పుడు నీరు ఆవిరై గాలి చల్లబడగలిగే కింది హద్దు దాదాపు 25 డిగ్రీలు. ఆ 18 డిగ్రీల తేడాలో ప్యాడ్ నాలుగింట మూడు వంతులు అందుకుంటుంది. అంటే లోపలి గాలి 29, 30 డిగ్రీలకు దిగుతుంది. పగటి సమస్య తీరింది!

ఖర్చు చూడండి. మన 200 చదరపు అడుగులు, అంటే 18.6 చదరపు మీటర్ల జాగా, రెండున్నర మీటర్ల ఎత్తు అంటే 46 ఘనపు మీటర్ల గాలి. నిమిషానికోసారి ఆ గాలంతా మారాలి. గంటకు 2,800 ఘనపు మీటర్లు, ఒక పెద్ద డెజర్ట్ కూలర్ పని. గాలిని 13 డిగ్రీలు చల్లబరచడానికి గంటకు 17 లీటర్ల నీరు ఆవిరవుతుంది. రోజుకు 8 గంటలు నడిపితే 135 లీటర్లకు పైనే. 200 వాట్ల చొప్పున నెలకు 48 యూనిట్ల కరెంటు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయిందంటే మూసిన ఇల్లు కాసేపట్లోనే పొయ్యి అవుతుంది.

ఇంత చేసినా రాత్రి సమస్య మిగిలే ఉంటుంది. మే రాత్రి 29 డిగ్రీల వేడి, 55 శాతం తేమ ఉంటే అదే కూలర్ గాలిని 24 డిగ్రీల వరకే దించగలదు. టమాటా పువ్వు తట్టుకునే రాత్రి వేడికి అది చివరి హద్దు. అంటే రాత్రంతా కూడా నడపాలి, అయినా ఫలితం అటో ఇటో. అర కిలో టమాటా కోసం మనిషికి కూడా పెట్టని కూలర్‌ను మొక్కకు పెట్టడం ఏ లెక్కకూ ఆనదు.

షేడ్‌నెట్ ఏం చేస్తుంది, ఏం చేయదు

కాబట్టి వెల్దుర్తికి సరిపడే గ్రీన్‌హౌస్ నిజానికి నీడ పందిరి. పైన షేడ్‌నెట్, నాలుగు పక్కలా గాలి. నెట్లు 35, 50, 75, 90 శాతం నీడ లెక్కన దొరుకుతాయి. మే మధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. 50 శాతం నెట్ కింద అది 50 వేలకు, 75 శాతం నెట్ కింద 25 వేలకు దిగుతుంది. ఆకుకూరలకు 50 వేలు ధారాళంగా సరిపోతాయి. 75 శాతం నెట్ కట్టినవాళ్లకు మబ్బు పట్టిన రోజుల్లో మొక్కలు వెలుతురు చాలక సన్నగా సాగిపోతాయి. 90 శాతం నెట్ కారు పెట్టుకోవడానికి బాగుంటుంది, మొక్కలకు కాదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నెట్ ఎండను సగం ఆపుతుంది కానీ గాలి వేడిని సగం చేయదు. పక్కలు తెరిచి ఉన్న పందిరి కింద గాలి బయటి కంటే 2 నుంచి 4 డిగ్రీలే తక్కువ. 43 కాస్తా 40 అవుతుంది, అంతే. మరి లాభమేమిటంటే, ఎండ నేరుగా తగలకపోవడంతో ఆకు కాలదు, మట్టి పైపొర కాగదు, నీరు తక్కువ ఆవిరవుతుంది. ఆకే పంటైన మొక్కలకు ఈ లాభం చాలు. పువ్వు పిందె కావలసిన టమాటాకు చాలదు. రెంటికీ ఒకే పందిరి వేసి ఒకే ఫలితం రాలేదని నిరాశపడటం అందుకే.

నెట్‌ను ఎటు కట్టాలో సూర్యుడే చెబుతాడు. వెల్దుర్తి సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు పక్క తెరలతో ప్రయోజనం లేదు, పైకప్పు నెట్టే కాపాడుతుంది. పడమటి పక్క మాత్రం సాయంత్రపు ఎండకు అడ్డుగా ఒక తెర ఉంటే మంచిది. డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందుకని నిలువెత్తు పెరిగే టమాటాలను ఉత్తరం వైపు, పొట్టి ఆకుకూరలను దక్షిణం వైపు పెట్టుకుంటే ఒకదాని నీడ మరొకదాని మీద పడదు.

శీతాకాలంలో ఈ నెట్ అసలు అక్కర్లేదు. అప్పటి ఎండ టమాటాకు పూర్తిగా కావాలి. కాబట్టి కట్టేటప్పుడే విప్పుకునేలా కట్టాలి. ఫిబ్రవరి ఆఖరున కట్టి, వానలు కుదురుకున్నాక జూలైలో విప్పేస్తే నెట్ కూడా ఎక్కువ కాలం మన్నుతుంది.

టమాటా క్యాలెండర్

వెల్దుర్తి ఏడాదిలో టమాటాకు నచ్చే రోజులు తక్కువేమీ కాదు. డిసెంబరు, జనవరిలో పగలు 30 డిగ్రీలకు అటూ ఇటూ, తెల్లవారుజామున 18కి దగ్గరగా ఉంటుంది. టమాటాకు పుస్తకాల్లో రాసే వాతావరణానికి ఇది చాలా దగ్గర. పండు ఎర్రబడటానికి కారణమైన లైకోపీన్ 18 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా తయారవుతుంది, 30 దాటితే తగ్గిపోతుంది. ఏప్రిల్ చివర చెట్టు మీద మిగిలిన కాయలు పసుపు, నారింజ రంగుల్లోనే ఆగిపోవడానికి కారణం ఇదే.

లెక్క వెనకనుంచి వేయాలి. ఫిబ్రవరి 20 తర్వాత పూసే పువ్వుల మీద ఆశ పెట్టుకోకూడదు. పువ్వు పండు కావడానికి 45 నుంచి 50 రోజులు. అంటే ఆఖరి పండ్లు ఏప్రిల్ మొదటి, రెండో వారాల్లో వస్తాయి. విత్తనం మొలవడానికి వారం, నారు మడిలో 25 నుంచి 30 రోజులు, నాటిన నెలకు పూత. దీన్ని బట్టి:

మొదటి విడత: ఆగస్టు ఆఖరున విత్తాలి, సెప్టెంబరు ఆఖరున నాటాలి. డిసెంబరు నుంచి కాపు, సంక్రాంతికి నిండుగా పండ్లు.

రెండో విడత: అక్టోబరులో విత్తాలి, నవంబరులో నాటాలి. జనవరి చివరి నుంచి మార్చి దాకా కాపు.

ఆఖరి గడువు: నవంబరు 15. ఆ తర్వాత విత్తితే మొక్క ఏపుగా పెరుగుతుంది, పువ్వూ పూస్తుంది, కాయ మాత్రం అంతగా నిలవదు.

వేసవిలోనూ టమాటా పండే ఊరు రాష్ట్రంలో ఉంది కదా అనొచ్చు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మాచర్ల ప్రాంతం 150 మీటర్లకు అటూ ఇటూ. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున ఎత్తు పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. ఆ 550 మీటర్ల తేడా ఒక్కటే మూడున్నర డిగ్రీలు. పువ్వు నిలవడానికీ రాలడానికీ మధ్య ఉన్నది సరిగ్గా అంతే. ఆ మదనపల్లెలోనూ 2023 జూలైలో టమాటా కిలో 150 రూపాయలు దాటింది. జూలైలో ధర ఎగబాకడానికి మే, జూన్ పూత దెబ్బతినడం ఒక కారణం కావచ్చు. మీ డాబా మీద మేలో పువ్వు రాలడం, జూలైలో బజారులో ధర మండటం, రెండిటి వెనకా ఎండ పాత్ర ఉండొచ్చు.

వేసవి ఆకుకూరలది, శీతాకాలం సలాడ్‌ది

తోటకూర వేడికి పుట్టిన మొక్క. దాని ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే తీరు జొన్న, మొక్కజొన్నల పద్ధతి. 35 డిగ్రీల దగ్గర చాలా మొక్కలు డీలా పడితే తోటకూర పని చేస్తూనే ఉంటుంది. గోంగూర, బచ్చలి, గంగవావిలి కూడా ఎండను ఓర్చుకునేవే. మార్చి నుంచి జూన్ వరకు నాలుగు మడులనూ వీటితో నింపుకోవచ్చు. తోటకూర గింజ చాలా సన్నం. చదరపు మీటరుకు ఒక గ్రాము చాలు, పొడి ఇసుకలో కలిపి చల్లితే మొలక సమంగా వస్తుంది. బచ్చలి తీగను పడమటి పక్కన పాకిస్తే సాయంత్రపు ఎండకు అదే తెర అవుతుంది, నెట్ డబ్బు మిగులుతుంది.

పాలకూర, చుక్కకూర అటూ ఇటూ మొక్కలు. 50 శాతం నెట్ కింద మార్చి వరకు బాగుంటాయి, ఏప్రిల్‌లో ఆకు చిన్నబోతుంది. కొత్తిమీర, మెంతికూర చల్లని రోజులవి. వేసవిలో కొత్తిమీర ఆకు కట్టేలోపే పూతకొస్తుంది. వేసవిలో అది బజారులో ఖరీదు కావడానికి కారణం కూడా అదే.

ఇక పచ్చిగా తినే లెట్యూస్. పల్లె బజార్లలో దొరకదు కనుక ఇంట్లో పెంచుకోవాలన్న కోరిక సహజమే. దాని విత్తనం 30 డిగ్రీలు దాటిన మట్టిలో మొలవకుండా నిద్రపోతుంది. మొలిచినా 27 డిగ్రీలు దాటే పగళ్లు వరుసగా వస్తే కాడ లేచి ఆకు చేదెక్కుతుంది. వెల్దుర్తిలో డిసెంబరు పగళ్లే 30 కాబట్టి ఇక్కడ లెట్యూస్ ఎప్పుడూ కొసమీద నడిచే పంటే. నవంబరు మధ్యలో చల్లని చోట మొలకెత్తించి, గుండ్రంగా గడ్డ కట్టే రకం కాకుండా విడి ఆకుల రకం ఎంచుకుని, మధ్యాహ్నం కాస్త నీడ ఇచ్చి, 45 రోజులకు కోసేయాలి. జనవరి దాటితే వదిలేయడమే మేలు. సలాడ్ అంటే లెట్యూసే అన్న నియమమేమీ లేదు. లేత గంగవావిలి పుల్లపుల్లగా, కరకరలాడుతూ కీరా ముక్కల్లోకి బాగా కలుస్తుంది, పైగా ఎండకు చెక్కుచెదరదు. మెంతులు, ఆవాలు ట్రేలో చల్లితే 8 నుంచి 12 రోజుల్లో లేత మొలక ఆకులు వంటింటి కిటికీ దగ్గరే వస్తాయి. పచ్చిగా తినే వాటికి పచ్చి పేడ ఎరువు వేయకూడదు, బాగా చివికినదే వాడాలి.

నీళ్లు ఎన్ని బకెట్లు?

నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలారు. పల్నాట్లో లక్షల ఎకరాలు తడిశాయి కానీ వెల్దుర్తి మండలంలోని మెట్ట గ్రామాలు ఎత్తున ఉండి మిగిలిపోయాయి. ఈ లోటు తీర్చడానికే తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది. మొదటి దశ లక్ష్యం 24,900 ఎకరాలు. నీటి విలువ తెలిసిన ఊళ్లు ఇవి. అందుకే పెరటి పందిరిలోనూ నీటి లెక్క తప్పదు.

మే నెలలో ఆరుబయట నేల, మొక్క కలిసి రోజుకు 8 మిల్లీమీటర్ల వరకు నీటిని గాల్లోకి వదులుతాయి. 12 చదరపు మీటర్ల మడికి అది 96 లీటర్లు. 50 శాతం నెట్ కింద అదే 5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, అంటే 60 లీటర్లు, 15 లీటర్ల బకెట్‌తో నాలుగు. రోజుకు 36 లీటర్ల చొప్పున నాలుగు వేసవి నెలల్లో 4,300 లీటర్లు మిగులు. మట్టి మీద వరిగడ్డి, వేరుశనగ పొట్టు పరిస్తే మరికొంత ఆదా. పొద్దున, సాయంత్రం సగం సగం పోయాలి. టమాటాకు మాత్రం ఒక రోజు ఎండబెట్టి మరో రోజు ముంచెత్తకూడదు. అలా చేస్తే కాయకు సున్నం సరిగా అందక అడుగు నల్లబడి కుళ్లుతుంది.

పల్నాటి పడమటి మండలాల్లో బోరు నీటి ఫ్లోరైడ్ పాత సమస్య. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది భారత ప్రమాణం, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు సడలింపు. ఆకులు నీటిలోని లవణాలను దాచుకుంటాయి కనుక ఆకుకూరలకు బోరు నీరు వాడేవాళ్లు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. వాననీరు ఉంటే ఇంకా మంచిది. ఇక్కడ ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. 200 చదరపు అడుగుల డాబా మీద పడేదే 13,000 లీటర్లు. అందులో సగం పట్టుకోగలిగినా నెట్ కింద మడులకు మే నెల వాడకం లెక్కన మూడు నెలల నీటితో సమానం.

డాబా మోయగలదా?

మనుషులు తిరిగే డాబాను చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు మోసేలా కట్టాలన్నది భారత నిర్మాణ ప్రమాణం. మట్టి, చివికిన ఎరువు, కొబ్బరి పొట్టు సమానంగా కలిపిన మిశ్రమం తడిసినప్పుడు లీటరుకు సుమారు కిలో తూగుతుంది. 20 సెంటీమీటర్ల లోతు మడి అంటే చదరపు మీటరుకు 200 కిలోలు, హద్దు దాటింది. 12 సెంటీమీటర్లయితే 120 కిలోలు, ఆకుకూరలకు ఆ లోతు చాలు. ఉత్త నల్లరేగడి నింపితే బరువు ఇంకా పెరుగుతుంది, ఎండితే బిగిసి పగులుతుంది. టమాటా సంచులను ఒక్కొక్కటి 15 నుంచి 20 లీటర్లకు మించకుండా, కింద గోడ లేదా దూలం ఉన్నచోట వరుసగా పెట్టాలి. పాత డాబాల మీద, పెంకుటిళ్లకు ఆనుకున్న వాటి మీద ఇంజినీరును అడగకుండా బరువు పెట్టకండి. పెరడు ఉన్నవాళ్లకు ఈ బెంగే లేదు.

గాలి సంగతి మరవకూడదు. తొలకరికి ముందు వచ్చే ఈదురుగాలి గంటకు 60 కిలోమీటర్లు వీస్తే చదరపు మీటరుకు 17 కిలోల ఒత్తిడి. నెట్‌లో సగం గాలి దూరిపోతుందనుకున్నా 18 చదరపు మీటర్ల కప్పు మీద 150 కిలోల లాగుడు. కొక్కేలకు తాళ్లతో బిగించి, గాలిదుమారం వస్తుందన్నప్పుడు ఒక పక్క విప్పుకునేలా ఉంచితే పందిరి మిగులుతుంది.

తెల్లదోమ, తుమ్మెద

పల్నాడు పత్తి, మిర్చి సీమ. పత్తి మీద పెరిగిన తెల్లదోమే టమాటాకు ఆకుముడత వైరస్ తెస్తుంది. 2021లో మిర్చి తోటలను నల్ల తామర పురుగు ఎలా ఊడ్చిందో ఇక్కడి రైతులకు చెప్పక్కర్లేదు. పొలాల పక్క ఊళ్లో డాబా పంట విడిగా ఉండదు. నాటిన తొలి నెలలో ఆకుముడత సోకిన మొక్క దాదాపు కాయదు.

తెల్లదోమ పొడవు ఒక మిల్లీమీటరు లోపే. అంగుళానికి 40 కన్నాలుండే సన్నని వల దాన్ని చాలావరకు ఆపుతుంది. కానీ పందిరంతా ఆ వల చుడితే గాలి ఆడక వేడి పెరుగుతుంది. నారు మీద మాత్రం తప్పక కప్పాలి. 15 మొక్కల నారుకు ఒక ట్రే, దాని మీద చదరపు మీటరు వల, 30 రోజుల కాపలా. అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా రక్షక్ హైబ్రిడ్ ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ముందస్తు ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది.

టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కానీ పుప్పొడి రాలాలంటే కదలిక కావాలి. బయట గాలి, తుమ్మెద ఆ పని చేస్తాయి. తేనెటీగకు పువ్వును అదిలించి పొడి రాల్చే విద్య రాదు. చుట్టూ వల ఉన్నవాళ్లు పొద్దున పది, పదకొండు గంటల మధ్య పూగుత్తులను వేలితో మెల్లగా తట్టాలి. 15 మొక్కలకు రెండు నిమిషాలు చాలు.

డబ్బు గిట్టుతుందా?

కేంద్ర సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 మార్గదర్శకాల్లో చదరపు మీటరుకు నిర్మాణ ఖర్చులు లెక్కగట్టింది. రాయితీ రైతులకే, ధరలు కూడా అప్పటి నుంచి పెరిగాయి. అయినా ఒకదానితో ఒకటి పోల్చడానికి ఆ అంకెలు ఉపయోగం. మన 18.6 చదరపు మీటర్లకు అవి ఇలా తేలతాయి:

ఫ్యాన్, ప్యాడ్ పాలీహౌస్: చదరపు మీటరుకు 1,650 చొప్పున దాదాపు 30,700 రూపాయలు.
గాలి ఆడే పాలీహౌస్: 1,060 చొప్పున 19,700.
ఇనుప గొట్టాల షేడ్‌నెట్: 710 చొప్పున 13,200.
వెదురు షేడ్‌నెట్: 360 చొప్పున 6,700.

వెదురు పందిరికి సంచులు, మిశ్రమం, నారు వల కలిపి 10,000 రూపాయలు అనుకుందాం. విత్తనాలకు, ఎరువుకు నెలకు 100. ఆకుకూర కిలో 40 రూపాయల లెక్కన 12 కిలోలకు 480, మిగులు 380. పెట్టుబడి 26 నెలల్లో తిరిగొస్తుంది. కిలో 60 అయితే 16 నెలలు చాలు. కిలో 20కే దొరికే ఊళ్లో అయితే 71 నెలలు పడుతుంది, అప్పటికి నెట్ చిరిగిపోతుంది. మంచి నెట్ ఆయుష్షు 3 నుంచి 5 ఏళ్లు. మీ బజారులో కట్టను తూకం వేసి కిలో ఎంత పడుతుందో చూస్తే మీ లెక్క మీకే తేలుతుంది.

టమాటా కథ వేరు. ఇంట్లో 30 కిలోలు పండేది డిసెంబరు నుంచి మార్చి వరకు, అందరి పొలాల్లోనూ పండే రోజుల్లోనే. కిలో 25 లెక్కన దాని విలువ 750 రూపాయలు. కర్నూలు జిల్లా పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయి రైతులు టమాటాను రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ ఉన్నాయి. జూలైలో 150 పలికేటప్పుడు మన మొక్క మీద కాయ ఉండదు. కాబట్టి డబ్బు కోసం టమాటా వేయడం దండగ. రుచి కోసం, మందు కొట్టని పండు కోసం వేసుకోవచ్చు.

ధరను గెలిచే దారి ఒకటుంది. టమాటాలో 94 శాతం నీరే. మార్చిలో మిగిలిన 10 కిలోలను కోసి ఎండబెడితే 600 నుంచి 800 గ్రాముల ఒరుగులు మిగులుతాయి. వాటికి చింతపండు, కారం, నూనె తోడై నిలవ పచ్చడి అయితే జూలై దాటుతుంది. పువ్వును రాల్చే ఎండే ఇక్కడ కానీ ఖర్చు లేకుండా పని చేసిపెడుతుంది.

మొదటి ఏడాది పెద్ద ఖర్చు వద్దు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే ఒక థర్మామీటరు కొని మీ పందిరి కిందే వేలాడదీయండి. ఫిబ్రవరిలో 50 శాతం నెట్ కట్టి రెండు మడుల్లో తోటకూర, గోంగూర వేయండి. జూలైలో నెట్ విప్పి, ఆగస్టు ఆఖరున 15 టమాటా గింజలు విత్తండి. రాత్రి ఉష్ణోగ్రత 24 కిందికి దిగిందని థర్మామీటరు చెప్పే రోజు నుంచి పువ్వులు లెక్కపెట్టండి. పాలీహౌస్ అమ్మజూపే వాళ్లు వస్తే ఒక్కటే అడగండి: మే నెల రాత్రి లోపల ఎన్ని డిగ్రీలు? 24 కంటే తక్కువని రాసిస్తే తప్ప డబ్బు తీయకండి.